స్టార్‌డ్యూ వ్యాలీ: ఐదేళ్ల నాటి పొలాన్ని 1.6లో తెరవాలా, కొత్తది మొదలుపెట్టాలా?

గోరువంక

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం వీడియో గేమ్‌లో నేనూ మా తమ్ముడూ కలిసి ఆడిన పొలం ఒకటి ఉంది. పెద్ద ఇల్లు నాది, చెరువు పక్కన క్యాబిన్ వాడిది. 2020 మధ్యలో ఆపేశాం. అప్పుడు ఆట 1.4 వెర్షన్ నడుస్తోంది. వాడు ఉద్యోగంలో చేరాక ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకలేదు. ఈ వారం ఆడదాం, వచ్చే వారం ఆడదాం అనుకుంటూనే ఐదేళ్లు గడిచిపోయాయి.

నిన్న కంప్యూటర్‌లో స్టీమ్ తెరిస్తే ఆట 1.6కి అప్‌డేట్ అయి ఉంది. ఒక్క పైసా అడగలేదు. ఇంకా మా పొలం తెరవలేదు. నిజం చెప్పాలంటే భయంగా ఉంది.

మా పొలం నాలుగో ఏడు చలికాలం 9వ తేదీ దగ్గర ఆగింది. కమ్యూనిటీ సెంటర్ పూర్తయింది, సినిమా హాలు వచ్చింది, గ్రీన్‌హౌస్ నిండా ఏన్షియంట్ ఫ్రూట్ ఉంది. నాకు ఫిషింగ్ స్కిల్ 8వ లెవెల్‌లో ఉంది, మిగతా నాలుగు స్కిల్స్ చివరిదైన 10లో ఉన్నాయి. నా అనుమానాలు మూడు. తెరిస్తే పాత పొలం పాడవుతుందా? కొత్తగా వచ్చినవి పాత పొలంలో కూడా కనిపిస్తాయా? లేక కొత్త పొలం మొదలుపెడితేనే ఆ ఆనందం దొరుకుతుందా?

మోడ్‌మరమ్మతు

గోరువంక గారూ, స్వాగతం. ముందు ఒక్క పని చేయండి, ఆ తర్వాతే ఆట తెరవండి.

విండోస్ అయితే యాప్‌డేటాలో రోమింగ్, దాంట్లో స్టార్‌డ్యూ వ్యాలీ, దాంట్లో సేవ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. మీ పొలం పేరు, పక్కన ఒక పెద్ద అంకె ఉన్న ఫోల్డర్ అదే. దాన్ని మొత్తంగా కాపీ చేసి వేరే చోట పెట్టుకోండి, వీలైతే పెన్‌డ్రైవ్‌లో కూడా. ఎందుకంటే 1.6లో ఒక్క రాత్రి నిద్రపోయి సేవ్ అయిందంటే ఆ ఫైల్ కొత్త పద్ధతిలోకి మారిపోతుంది. దాన్ని మళ్లీ 1.4లో తెరవడం కుదరదు.

అప్‌డేట్ మీ పొలాన్ని పాడు చేయదు. పాత సేవ్‌లను కొత్త వెర్షన్‌లోకి మార్చే పని ఆటే చేసుకుంటుంది. తేడా వచ్చేదల్లా మోడ్స్ దగ్గరే, అంటే ఆటగాళ్లు రాసి ఆటకి అదనంగా జోడించే మార్పుల దగ్గర. మీరేమైనా మోడ్స్ వాడేవారా?

గోరువంక

మూడు వాడాం. ఊళ్లో ఎవరు ఎక్కడున్నారో మ్యాప్‌లో చూపించేది ఒకటి, పంట ఎన్ని రోజుల్లో కోతకొస్తుందో చెప్పేది ఒకటి. మూడోది తమ్ముడు పెట్టింది, అదేమిటో గుర్తులేదు.

మోడ్‌మరమ్మతు

అయితే మోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తీసి పక్కన పెట్టేయండి. మోడ్స్‌ని నడిపించే స్మాపీ కొత్త వెర్షన్ వేసుకుని, అసలు మోడ్స్ ఏవీ లేకుండా ఒకటి రెండు రోజులు ఆడండి. తర్వాత ఒక్కొక్కటిగా కొత్త వెర్షన్లు తెచ్చుకోండి. 1.6 మీద పనిచేయదని తెలిసిన మోడ్‌ని స్మాపీ తనంతట తానే ఆపేస్తుంది కానీ ఆ పని దాని మీద వదిలేయొద్దు. స్మాపీతో పాటే వచ్చే బ్యాకప్ మోడ్ రోజూ ఒక కాపీ తీసి పెడుతుంది, దాన్ని మాత్రం ఉంచుకోండి.

నేను చిన్న మోడ్స్ రాస్తుంటాను. 1.6 వచ్చిన వారంలో నావి నాలుగూ పనిచేయలేదు. అయినా నాకు కోపం రాలేదు. ఎందుకో చెబుతాను. ఈ అప్‌డేట్ అసలు మొదలైందే మోడ్స్ రాసేవాళ్ల కోసం. ఆటలో ఏ వస్తువు ఏమిటి, ఏ పంట ఎన్ని రోజులు, ఏ దుకాణంలో ఏం అమ్ముతారు అనేవి అంతకుముందు చాలావరకు కోడ్ లోపల పూడుకుపోయి ఉండేవి. 1.6లో వాటిని బయటికి తీసి, ఎవరైనా మార్చగలిగే డేటా ఫైళ్లుగా పెట్టారు. నా మోడ్ ఒకదాంట్లో మూడొందల లైన్ల కోడ్ ఉండేది. ఇప్పుడది నలభై లైన్ల ఫైల్. కోడింగ్ రాని వాళ్లు కూడా ఒక కొత్త దుకాణం పెట్టుకోవచ్చు. పైగా ఏమేం మారుతున్నాయో అధికారిక వికీలో ముందే రాసి పెట్టారు. ఇల్లు బాగుచేసే మేస్త్రీ ఏ గోడ కొట్టబోతున్నాడో ముందే చెప్పినట్టు.

రాత్రిరైతు

గోరువంక గారూ, మీ రెండో ప్రశ్నకి నేను చెబుతాను. 2016 ఫిబ్రవరి 26న ఆట వచ్చిన వారం నుంచీ ఆడుతున్నాను. ప్రతి అప్‌డేట్‌నీ పాత పొలంలోనే తెరిచాను.

మీరు 1.4 దగ్గర ఆగారు కాబట్టి రెండు పెద్ద అప్‌డేట్లు మీకోసం ఎదురు చూస్తున్నాయి. 2020 డిసెంబరు 21న వచ్చిన 1.5, 2024 మార్చి 19న వచ్చిన 1.6. మీరు కొద్ది నెలలు ఓపిక పట్టి ఉంటే 1.5 అప్పుడే దొరికేది.

మీ పొలం చలికాలంలో ఆగడం చాలా మంచిదైంది. తెరవగానే ఊళ్లోకి వెళ్లండి. మీకు తెలిసిన మనుషులే కానీ ఒంటి మీద కోట్లు, మఫ్లర్లు ఉంటాయి. చలికాలం బట్టలు 1.6లోనే వచ్చాయి. అన్నేళ్లూ మంచులో పల్చటి చొక్కాలతో తిరిగినవాళ్లు కదా, మొదటిసారి చూసినప్పుడు నేను కూడలి దగ్గరే కాసేపు ఆగిపోయాను. పియెర్ కొట్టు ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లందర్నీ చూస్తూ ఒక రోజంతా గడిపేశాను. ఆ రోజు పొలంలో ఒక్క పనీ చేయలేదు.

రెండోది. చలికాలం 12, 13 తేదీల్లో సముద్రం ఒడ్డున స్క్విడ్‌ఫెస్ట్ ఉంటుంది. ఇదీ 1.6లో వచ్చిందే. ఎన్ని స్క్విడ్‌లు పడితే దాన్నిబట్టి బహుమతులు. మీ ఫిషింగ్ 8 దగ్గర ఉందన్నారు కదా, దాన్ని పైకి తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదు. ఆ వెంటనే 15 నుంచి 17 వరకు నైట్ మార్కెట్, అది మీకు తెలిసిందే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మీకు ఒక ఉత్తరం వస్తుంది. కమ్యూనిటీ సెంటర్ పూర్తయింది కాబట్టి చేపల కొట్టు విల్లీ మిమ్మల్ని పిలుస్తాడు. ఇన్నేళ్లూ మూసి ఉన్న వెనక గదిలో పాడైన పడవ ఒకటి ఉంది. దాన్ని బాగు చేయడానికి 200 హార్డ్‌వుడ్, 5 ఇరిడియం కడ్డీలు, 5 బ్యాటరీ ప్యాక్‌లు ఇవ్వాలి. ఆ తర్వాత 1,000 గోల్డ్ (ఆటలోని డబ్బు) పెట్టి టికెట్ కొంటే జింజర్ ఐలాండ్ అనే ద్వీపానికి వెళ్లొచ్చు. అగ్నిపర్వతం, చిలుకలు, 130 బంగారు వాల్‌నట్లు, ఏ కాలంలోనైనా ఏ పంటైనా పండే పొలం. 20 వాల్‌నట్లు ఇస్తే చిలుకలు అక్కడ మీకో ఇల్లు కట్టి పెడతాయి. ఇంతకంటే చెప్పను. మిగతాది మీరే చూడాలి.

నీలిగడ్డి

నేను మాత్రం కొత్త పొలమే మొదలుపెట్టమంటాను. రాత్రిరైతు అన్న చెప్పినవన్నీ నిజమే కానీ పాత పొలంలో దొరకనివి కొన్ని ఉన్నాయి.

మొదటి ఏడాది వేసవిలో ఒక రోజు పచ్చవాన పడుతుంది. ఆకాశం, నేల అంతా పచ్చగా మారిపోతుంది. చెట్ల నిండా నాచు. ఊళ్లోవాళ్లు భయపడి ఇళ్లలోంచి బయటికి రారు. వాళ్ల మాటలు ఆ ఒక్క రోజుకే రాసినవి. రెండో ఏడు నుంచి వాళ్లకి అలవాటైపోతుంది, మామూలుగా తిరుగుతారు. నాలుగో ఏట ఉన్న పొలంలో వాన చూస్తారు కానీ ఆ భయం చూడలేరు.

ఇంకొకటి మెడోల్యాండ్స్ పొలం. కోళ్ల గూడు, రెండు కోళ్లతోనే మొదలవుతుంది. జంతువులు ఇష్టంగా తినే నీలం గడ్డి ఉంటుంది. నా పేరు అక్కడి నుంచే పెట్టుకున్నాను. మొదలుపెట్టాక పొలం మ్యాప్ మార్చుకోలేం కాబట్టి ఇది కావాలంటే కొత్త సేవ్ తప్పదు. కమ్యూనిటీ సెంటర్‌కి ఇవ్వాల్సిన వస్తువుల జాబితాల్ని మార్చే రీమిక్స్ బండిల్స్ 1.5లో వచ్చాయి, అవి కూడా అంతే, మొదట్లోనే ఎంచుకోవాలి.

రాత్రిరైతు

నీలిగడ్డి చెప్పిన పచ్చవాన మాట ఒప్పుకుంటాను. ఆ ఒక్కదాని కోసం నేనూ ఇంకో పొలం మొదలుపెట్టాను. కానీ వరస ముఖ్యం. గోరువంక గారి పొలంలో తమ్ముడి క్యాబిన్ ఉంది. ముందు ఆ తలుపు తెరవాలి.

తూనీగ

అందరూ సంతోషంగా మాట్లాడుకుంటున్నారు కాబట్టి నా మాట కొంచెం అడ్డం పడుతుందేమో. నేను ఫోన్‌లో ఆడతాను. కంప్యూటర్ లేదు.

1.5 కంప్యూటర్లకి 2020 డిసెంబరులో వస్తే ఫోన్లకి 2023 జనవరిలో వచ్చింది. రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఎక్కడ చూసినా జింజర్ ఐలాండ్ బొమ్మలే. అక్కడుండే లియో ఎవరో, అగ్నిపర్వతం లోపల ఏముందో అన్నీ ముందే తెలిసిపోయాయి. నేను అక్కడికి చేరేసరికి చూడని ఊరికి వెళ్లినట్టు లేదు, ఫొటోల్లో చూసి చూసి విసిగిన చోటికి వెళ్లినట్టుంది. ఉచితంగా ఇస్తున్నప్పుడు ఫిర్యాదు చేయకూడదంటారు చాలామంది. నేనూ ఆట డబ్బు పెట్టే కొన్నాను కదా. ఆలస్యం అయితే అయింది, ఎప్పుడొస్తుందో ఒక మాట తెలిస్తే చాలు అనిపించేది.

మోడ్‌మరమ్మతు

తూనీగా, నీ బాధ న్యాయమైనదే. ఫోన్‌లో వేలితో ఆడేలా మెనూలు, కంట్రోల్స్ అన్నీ విడిగా చేయాలి. కన్సోల్స్‌లో అయితే ఆయా కంపెనీల పరీక్ష దాటాలి. కారణం తెలిసినంత మాత్రాన ఎదురుచూపు తగ్గదనుకో. 1.6 విషయంలో కొంత మెరుగుపడింది. 2024 నవంబరు 4న ఫోన్లకి, కన్సోల్స్‌కి ఒకే రోజు ఇచ్చారు. ఏడున్నర నెలలు.

తూనీగ

అవునన్నా, ఈసారి చాలా నయం. నవంబరు 4 నాకు బాగా గుర్తుంది. ఆ రాత్రి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, వైర్ పీకకుండానే గోడ పక్కన కూర్చుని ఆడాను. 1.6 గురించి మాట్లాడే చోటికల్లా వెళ్లకుండా ఏడున్నర నెలలు జాగ్రత్తపడ్డాను కాబట్టి అన్నీ కొత్తగానే దొరికాయి. పుస్తకాలమ్మే అతను వచ్చినప్పుడు ఎవరో తెలియక కాసేపు దూరంగా నిలబడి చూశాను.

బావిగట్టు

నాది వేరే ఆలోచన. ఎవరినీ నొప్పించాలని కాదు.

మొదట వచ్చిన ఆటకి ఒక ముగింపు ఉండేది. మూడో ఏడు వసంతం మొదటి రోజు, మనకి ఆ పొలం ఇచ్చి వెళ్లిన తాతయ్య ఆత్మ వస్తుంది. మనం ఎంత బాగా చేశామో దాన్నిబట్టి సమాధి దగ్గర నాలుగు దాకా కొవ్వొత్తులు వెలుగుతాయి. నాలుగూ వెలిగిన రోజు నేను ఆట కట్టేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఒక పని పూర్తిచేశానన్న తృప్తి అది. ఇప్పుడు? తాతయ్య తర్వాత సినిమా హాలు, తర్వాత ద్వీపం, తర్వాత పర్ఫెక్షన్ అని వంద శాతం లెక్క, తర్వాత స్కిల్స్ అన్నీ 10కి చేరాక వచ్చే మాస్టరీలు. పర్ఫెక్షన్ కోసం కోటి గోల్డ్ పెట్టి బంగారు గడియారం కొనాలి. ఆ ఊరికి మనం వెళ్లిందే లెక్కల బతుకు వదిలి కదా. ఇచ్చిన ప్రతిదీ బాగుంది, నేను కాదనను. అన్నీ కలిసేసరికి మాత్రం పొలం మీద నిలబడి సూర్యాస్తమయం చూసే తీరిక తగ్గింది.

రాత్రిరైతు

బావిగట్టు గారూ, చాలా రోజులకి ఈ మాట ఇంత బాగా చెప్పినవాళ్లని చూశాను. నాకూ 1.5 వచ్చిన మొదట్లో ఇలాగే అనిపించింది. నెల రోజులు ద్వీపం అంతా వాల్‌నట్ల కోసం జల్లెడ పట్టాను, ఒక్క పూట చేపలు పట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒకటి గమనించాను. పడవ బాగు చేయకపోతే ద్వీపం మన జోలికి రాదు. వెనక గదిలో పడవ అలాగే ఉంటుంది, విల్లీ మళ్లీ అడగడు. మాస్టరీ గుహ సిండర్‌సాప్ అడవిలో తలుపు వేసుకుని ఉంటుంది, ఐదు స్కిల్స్ 10కి చేరేవరకు తెరుచుకోదు, తెరిచినా లోపలికి వెళ్లమని ఎవరూ తోయరు. కొత్తవన్నీ ఊరి అంచుల్లో పెట్టారు. మధ్యలో ఉన్న ఊరు మాత్రం 2016లో ఉన్నట్టే ఉంది. తాతయ్య సమాధి అక్కడే, కొవ్వొత్తులు నాలుగూ వెలుగుతూనే ఉన్నాయి. మీ ముగింపుని ఎవరూ తీసేయలేదు.

పర్ఫెక్షన్ లెక్క కష్టంగా ఉందన్నవాళ్ల కోసం 1.6లో ద్వీపంలోని పుట్టగొడుగుల గుహలో ఫిజ్ అనే అతన్ని పెట్టారు. 5 లక్షల గోల్డ్ ఇస్తే ఒక శాతం కలుపుతాడు. అది కూడా వద్దనుకుంటే వద్దు.

బావిగట్టు

అంచుల్లో పెట్టారన్నది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. బస్సు ఎక్కితే ఎడారి పండగ, పడవ ఎక్కితే ద్వీపం, అడవిలోకి వెళితే రకూన్ల ఇల్లు. నిజమే, మా ఇంటి గుమ్మం నుంచి చూస్తే ఏదీ మారలేదు. అయినా లెక్క చూపించే తెర ఒకటి ఉందని తెలిశాక చూడకుండా ఉండలేని స్వభావం నాది. కొంచెం ఆలోచిస్తాను.

వానకోయిల

ఉచితం అన్న మాట మీద నాకు చెప్పాల్సింది ఉంది. నేనూ మరో ఇద్దరు స్నేహితులూ కలిసి ఒక చిన్న ఆట తయారుచేసి అమ్మాం. మూడేళ్ల పని. అమ్మకాలు మా ఖర్చులకి సరిగ్గా సరిపోయాయి. వచ్చిన రివ్యూల్లో పదిలో నాలుగు ఇలాగే ఉండేవి: స్టార్‌డ్యూ వాళ్లు ఇన్నేళ్లుగా ఉచితంగా ఇస్తుంటే మీరెందుకు ఇవ్వరు? ఒక రివ్యూ చదివిన రాత్రి మాలో ఒకరు నిజంగా ఏడ్చారు. మూడు నెలలు జీతం లేకుండా ఇంకో అప్‌డేట్ చేశాం. ఆ తర్వాత కుదరలేదు.

స్టార్‌డ్యూ తయారుచేసిన ఎరిక్ బరోన్ అంటే నాకు చాలా గౌరవం. నాలుగున్నరేళ్లు ఒక్కడే కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ చేసుకున్నారు. ఆ రోజుల్లో ఒక థియేటర్‌లో ప్రేక్షకుల్ని సీట్ల దగ్గరికి చేర్చే ఉద్యోగం చేశారు. ఆ కష్టం తెలుసు కాబట్టే చెబుతున్నాను. 2024 ఫిబ్రవరికి ఆట 3 కోట్ల కాపీలు దాటింది, అదే ఏడాది డిసెంబరుకి 4 కోట్ల 10 లక్షలు. అంటే ఎనిమిదేళ్ల పాత ఆట, 1.6 వచ్చిన ఆ ఒక్క ఏడాదిలోనే కోటి మందికి పైగా కొత్తవాళ్ల చేతికి వెళ్లింది. మనకి ఉచితంగా వచ్చిన అప్‌డేట్ ఖర్చుని ఆ కొత్తవాళ్లు కట్టారు. ఆ దారి వేల కాపీలు అమ్ముకునేవాళ్లకి లేదు. దయచేసి ఆయన్ని కొలబద్దగా పెట్టి మిగతా చిన్న ఆటలవాళ్లని కొలవొద్దు.

నీలిగడ్డి

వానకోయిల గారూ, మీరు చెప్పింది చదివాక నేను ఒక ఆటకి రాసిన రివ్యూ గుర్తొచ్చింది. సరిగ్గా ఆ మాటే రాశాను. ఇప్పుడే వెళ్లి మార్చాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. డబ్బు తిరిగొస్తుందని లెక్క వేసుకుని ఇచ్చేవాళ్లు ఇలా ఇవ్వరని నా నమ్మకం. 2024 జులైలో ఆయన తన ఇంటిపేరు పరువు మీద ఒట్టేశారు, బతికి ఉన్నంతవరకు ఈ ఆటకి అదనపు భాగాలకి గానీ అప్‌డేట్‌కి గానీ డబ్బు తీసుకోనని. మాట తప్పితే నిలదీయడానికి దీన్ని ఫొటో తీసి పెట్టుకోండి అని కూడా రాశారు. వ్యాపారం కోసమే అయితే చేతులు అంత గట్టిగా ఎవరూ కట్టేసుకోరు.

వానకోయిల

రివ్యూ మార్చినందుకు మనసారా కృతజ్ఞతలు. ఆయన ఉద్దేశం మీద నాకూ అనుమానం లేదు. ఇవ్వాలన్న మనసు ఆయనది, ఇవ్వగలిగే వీలు ఆ 4 కోట్ల మంది వల్ల వచ్చింది. రెండూ ఒకే చోట కలవడం అరుదు. అరుదైనదాన్ని అందరికీ నియమం చేయొద్దనే నా మనవి.

తూనీగ

నాకు ఇంకో బెంగ ఉంది. ఆయన తన తర్వాతి ఆట హాంటెడ్ చాకొలేటియర్‌ని 2021 అక్టోబరులో ప్రకటించారు. దాని కోసం ఎదురు చూస్తుంటే 1.6 వచ్చింది. సరే ఇక అయిపోయింది అనుకుంటే 2025 ఆగస్టులో 1.7 కూడా చేస్తున్నామన్నారు. పాత పొలం మీద ప్రేమ ఉన్నా, ఆ చాకొలేట్ కొట్టు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఉంది.

మోడ్‌మరమ్మతు

ఒక మనిషి చేతులు రెండే కదా. 1.3లో మల్టీప్లేయర్ నెట్‌వర్క్ పని అప్పటి పబ్లిషర్ చకిల్‌ఫిష్ వాళ్లు చేసిపెట్టారు, తర్వాతి అప్‌డేట్లలో కొందరు సాయం ఉన్నారు. అయినా ఊళ్లోవాళ్ల మాటలు, పాటలు, బొమ్మల దగ్గరికి వచ్చేసరికి ఆయనే కూర్చోవాలి. నాకైతే కొత్త ఆట ఆలస్యమైనా ఫర్వాలేదు. 1.7లో మళ్లీ నా నాలుగు మోడ్స్ సరిచేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

గోరువంక

అందరికీ కృతజ్ఞతలు. ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, మోడ్స్ తీసేశాను, నిన్న రాత్రి తెరిచాను.

పొలం అలాగే ఉంది. ఇంటి ముందు నేను వేసిన రాతి బాట, బాట పక్కన తమ్ముడు ఒక వరస తప్పుగా పెట్టిన కంచె, అన్నీ. మా కుక్క గిన్నె ఖాళీగా ఉంది, ముందు నీళ్లు పోశాను. ఊళ్లోకి వెళితే రాత్రిరైతు గారు చెప్పినట్టే అందరూ కోట్లలో ఉన్నారు. ఊరి మేయర్ లూయిస్ ఇంటి పక్కన స్పెషల్ ఆర్డర్స్ బోర్డు కొత్తగా కనిపించింది.

విల్లీ ఉత్తరం కూడా వచ్చేసింది. ఇరిడియం కడ్డీలు బోలెడు ఉన్నాయి. హార్డ్‌వుడ్ 112, బ్యాటరీలు రెండే. అంతకుముందున్న బ్యాటరీలన్నీ పంటకి నీళ్లు చల్లే ఇరిడియం స్ప్రింక్లర్లకి పెట్టేశాను. మెరుపు కడ్డీల మీద పిడుగు పడితే బ్యాటరీలు వస్తాయి, చలికాలంలో పిడుగులు పడవు కదా, వసంతం దాకా ఆగాల్సిందేనా?

రాత్రిరైతు

హార్డ్‌వుడ్‌కి టెన్షన్ వద్దు. సీక్రెట్ వుడ్స్‌లో ఆరు పెద్ద మొద్దులు రోజూ మళ్లీ వస్తాయి, మొద్దుకి రెండు చొప్పున రోజుకి 12. మీకు ఇంకా 88 కావాలి కాబట్టి ఎనిమిది రోజులు. నైట్ మార్కెట్ అయ్యేలోగా సరిపోతుంది. పిడుగులు మాత్రం వసంతం వరకు పడవు. మీ తమ్ముడు ఎక్కడైనా దాచి ఉంటే తప్ప.

గోరువంక

మీరు అలా అన్నాక గుర్తొచ్చింది. వాడి క్యాబిన్ వెనక ఆరు మెరుపు కడ్డీలు వరసగా ఉండేవి. వాన మొదలవగానే అక్కడికి పరుగెత్తేవాడు. రాత్రి వెళ్లి చూశాను. కడ్డీల పక్కన నీలం రంగు పెట్టె. మూత తీస్తే మొదటి గడిలో 14 బ్యాటరీలు, రెండో గడిలో నాకిష్టమని వాడు దాచే గుమ్మడికాయలు మూడు, మూడో గడిలో ఒక డైమండ్.

తీసుకోలేదు. వాడికి ఫొటో పంపాను, బ్యాటరీలు మూడు తీసుకోనా అని. అర్ధరాత్రి దాటాక జవాబు వచ్చింది. "తీసుకో అక్కా. కానీ పడవ బయల్దేరే రోజు నన్ను పిలువు."

నీలిగడ్డి

నేను నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పచ్చవాన తర్వాత చూడొచ్చు. ఈ పొలంలోనే ఉండండి.

మోడ్‌మరమ్మతు

ఒక చిన్న సంగతి. మీ ఇద్దరి ఆటా ఒకే వెర్షన్‌లో ఉండాలి, లేకపోతే కలవడం కుదరదు. తమ్ముడి కంప్యూటర్‌లో పాత మోడ్స్ ఇంకా ఉంటే అవి కూడా తీసేయమనండి. ఆ గుర్తులేని మూడో మోడ్ ఏమిటో కూడా అడగండి.

గోరువంక

అడిగాను. గుర్రానికి రంగు మార్చేదట.

ఆదివారం వాడికి సెలవు. రోజూ పడుకునే ముందు కాసేపు ఆడి 88 హార్డ్‌వుడ్ పూర్తిచేశాను. స్క్విడ్‌ఫెస్ట్‌లో ఫిషింగ్ 9కి చేరింది. చలికాలం 18న విల్లీకి అన్నీ ఇచ్చేశాను. ఆటని 19వ తేదీ ఉదయం దగ్గర ఆపి ఉంచాను.

బావిగట్టు

గోరువంక గారూ, వెళ్లొచ్చాక తప్పకుండా రాయండి. నేను నిన్న రాత్రి నా పాత పొలం తెరిచాను. పర్ఫెక్షన్ లెక్క చూడలేదు. చేపల గాలం తీసుకుని కొండ మీది చెరువు దగ్గర సాయంత్రం దాకా ఉన్నాను.

గోరువంక

ఇప్పుడే వచ్చాం.

వాడు క్యాబిన్‌లో మంచం మీద నిద్ర లేచాడు. ఐదేళ్ల క్రితం ఏ టోపీతో పడుకున్నాడో అదే టోపీ. ముందు నా దగ్గరికి రాలేదు, తన ఆవు దగ్గరికి వెళ్లాడు. తర్వాత ఇద్దరం విల్లీ కొట్టుకి వెళ్లి టికెట్లు కొన్నాం. ఇక్కడ చలికాలం, మంచు పడుతోంది. అక్కడ దిగేసరికి ఎండ.

పడమటి దారికి అడ్డంగా పెద్ద తాబేలు పడుకుని ఉంది. పది వాల్‌నట్లు ఇస్తేనే జరుగుతుందట. మా దగ్గర రెండే దొరికాయి. వాడు ఫోన్‌లో, "అక్కా, వికీ చూడకు, మనమే వెతుకుదాం" అన్నాడు. చెట్లు ఊపుకుంటూ, పొదలు తడుముకుంటూ రాత్రి 12 వరకు తిరిగాం. ఐదు అయ్యాయి. వచ్చే ఆదివారం మిగతా ఐదు.